గడియారం ఒకరిది, చలాన్ మరొకరిది

గత నెల చివర్లో ఒక తెల్లవారుజామున మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ కింద చాయ్ బండి దగ్గర మేం నలుగురం కలిశాం. మలక్‌పేట మార్కెట్‌కు ఉల్లిగడ్డ తెచ్చినవాళ్లు ఇద్దరు. సంఘం పని మీద ముందురోజే నగరానికి వచ్చినవాళ్లం మేం. నాలుగో మనిషి యాచారం వైపు నుంచి కూరగాయల బండి తోలే డ్రైవర్ తమ్ముడు. బండి ఖాళీ చేసి తిరిగి ఊరికి పోతూ చాయ్ కోసం ఆగాడు. పేరు ఇక్కడ రాయడం లేదు. రేపు అతనికి లైసెన్స్ పని ఉంటుంది, ఫిట్‌నెస్ పని ఉంటుంది. పత్రికలో పేరు పడ్డ డ్రైవర్‌కు ఆఫీసుల్లో పనులు తొందరగా కావని మనకు తెలుసు.

చాయ్ తాగుతూ ఫోన్ తీసి మాకు చూపించాడు. ఒకేసారి మూడు చలాన్లు. మూడూ అతివేగం మీదే. ఒక్కొక్కటి వెయ్యి రూపాయల జరిమానా, దాని మీద 35 రూపాయల యూజర్ చార్జీ. మొత్తం 3,105 రూపాయలు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ అన్న మాట ఇది: "అన్నా, క్లాసుకు పోయిన. సర్టిఫికెట్ తెచ్చుకున్న. బండిల దేవుని ఫొటో పక్కనే పెట్టిన. గిప్పుడు గీ మూడు చలాన్లు. గా క్లాసు ఎందుకు పెట్టినట్టు?"

ఈ ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. తర్వాత చట్టం తిరగేశాం, తోటి డ్రైవర్లతో మాట్లాడాం, మాలో మేం వాదించుకున్నాం. దొరికిన జవాబు ఈ నెల మీ ముందు పెడుతున్నాం. ఇది ఒక డ్రైవర్ గోడు మాత్రమే అయితే పత్రికలో ఇంత చోటు ఇచ్చేవాళ్లం కాదు. ఆ 3,105 రూపాయలు చివరికి ఎవరి నెత్తిన పడ్డాయో చదివితే ఇది రైతు సమస్య ఎలా అయిందో మీకే తెలుస్తుంది.

ముందు మన తప్పు ఒప్పుకుందాం

జనవరి రోడ్డు భద్రత మాసం. ఆ నెలలో జరిగిన ఒక అవగాహన తరగతికి మన సంఘం నుంచే డ్రైవర్లను పంపాం. ఈ తమ్ముడు జనవరి 18న వెళ్లాడు. ఆ రోజు బండి కట్టలేదు, కిరాయి పోయింది. అయినా తరగతి బాగుందనే చెప్పాడు. అక్కడ చెప్పిన ఒక లెక్క అతనికి బాగా నాటుకుంది. ఇరవై కిలోమీటర్ల దూరాన్ని గంటకు 50 వేగంతో పోతే 24 నిమిషాలు పడుతుంది. 70తో పోతే 17 నిమిషాలు. అంటే మిగిలేది ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల కోసం గుద్దుకుంటే తగిలే దెబ్బ దాదాపు రెండింతలు అవుతుంది.

ఈ పాఠాన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో ప్రతి పదిమందిలో ఏడుగురి చావు అతివేగం ఖాతాలోదే. అంతదాకా ఎందుకు, 2018 జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడింది. 15 మంది పోయారు. నాట్లకో కలుపుకో బయలుదేరే ఆడవాళ్లే అందులో ఎక్కువ. అదే ఏడాది ఏప్రిల్‌లో పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర ఇంకో ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిది మంది కూలీ తల్లులు చనిపోయారు. ఆ ఇళ్లకు పోయి కూర్చున్నవాళ్లం మనం. రోడ్డు మీద వేగానికి హద్దు ఉండాలా వద్దా అన్న చర్చ మనకు అక్కర్లేదు. ఉండాలి. దాటినవాడికి శిక్ష కూడా ఉండాలి.

కాబట్టి రైతు బండికి మినహాయింపు ఇవ్వమని మేం అడగడం లేదు. మా తమ్ముడు హద్దు దాటిన మాట నిజం. ఫొటోల్లో బండి అతనిదే, నంబర్ అతనిదే. మేం అడిగేది వేరే. చట్టం అతనికి ఎంత వర్తిస్తుందో, అతన్ని పట్టుకునేవాళ్లకూ అంతే వర్తించాలి. అతన్ని తొందరపెట్టేవాళ్లకు కూడా వర్తించాలి.

మూడు తేదీలు చూడండి

ఆ మూడు చలాన్లలో మొదటిది జనవరి 9 నాటిది. రెండోది జనవరి 12. మూడోది ఫిబ్రవరి 2. మూడూ ఒకే రోడ్డు, ఒకే చోటు, తెల్లవారుజామున దాదాపు ఒకే సమయం. సందేశాలు మాత్రం ఫిబ్రవరి 27న వరసగా వచ్చిపడ్డాయి. అంటే మొదటి తప్పు గురించి అతనికి తెలిసింది 49 రోజులకు.

2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ అనే కొత్త నిబంధన చేర్చారు. కెమెరాలతో, వేగం కొలిచే యంత్రాలతో చలాన్లు వేయడం ఎలాగో అది చెబుతుంది. తప్పు జరిగిన పదిహేను రోజుల లోపు నోటీసు పంపాలని అందులో ఉంది. కెమెరా ఉన్న చోటికి ముందే, ఇక్కడ నిఘా ఉందని అందరికీ కనిపించేలా హెచ్చరిక బోర్డు పెట్టాలని ఉంది. ఆ యంత్రానికి ఆమోద పత్రం ఉండాలని ఉంది. నోటీసులో తప్పును, నంబర్ ప్లేటును చూపే ఫొటో, యంత్రం కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షన్ కింద తప్పో ఉండాలని కూడా ఉంది.

ఈ పదిహేను రోజుల గడువు ఊరికే పెట్టింది కాదు. మనిషిని దిద్దాలంటే తప్పు గుర్తున్నప్పుడే చెప్పాలి. పొలంలో పురుగు కనిపించినప్పుడు చెబితే రైతు మందు కొడతాడు. కోత అయ్యాక చెబితే చేసేదేముంది? జనవరి 9 నాటి నోటీసు 24వ తేదీలోపు వచ్చి ఉంటే, ఆ చోట కెమెరా ఉందని, తన బండి వేగం ఎక్కువైందని అతనికి తెలిసేది. ఫిబ్రవరి 2న కాలు బ్రేకు మీద ఉండేది. మనిషిని మార్చడమే ఉద్దేశమైతే ఒక్క చలాన్‌తో పని అయ్యేది. మూడు కలిపి పంపడం వల్ల మనిషి మారింది లేదు, ఖజానాకు రెండు వేలు ఎక్కువ వచ్చాయంతే.

బోర్డు సంగతి కూడా ఇంతే. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఒక రోడ్డు మీద వేగానికి హద్దు పెట్టాలంటే గెజిట్‌లో ప్రకటిస్తే చాలదు, తగిన చోట్ల బోర్డులు కూడా పాతించాలి. హైదరాబాద్‌లో 2022లో పెట్టిన హద్దులే చూడండి. డివైడర్ ఉన్న రోడ్డు మీద కారుకు 60, మిగతా బండ్లకు 50. డివైడర్ లేకపోతే కారుకు 50, మిగతావాటికి 40. కాలనీ రోడ్డు అయితే అందరికీ 30. ఊరి నుంచి వచ్చే డ్రైవర్ అరగంటలో రెండు మూడు హద్దులు దాటుతాడు. గెజిట్ చదువుకుంటూ బండి తోలడు కదా. అతనికి తెలియాల్సింది రోడ్డు పక్కన బోర్డు మీద నుంచే. ఆ చోట బోర్డు ఉందా అని మేం వెళ్లి చూశాం. ముందు అర కిలోమీటరు నడిచి చూశాం. మాకు కనిపించలేదు.

ఇక మూడో చలాన్. అది తరగతికి వెళ్లొచ్చిన పదిహేను రోజులకు పడింది. ఏడు నిమిషాల లెక్క విన్న తర్వాత పడింది. "నోటీసు ముందే వస్తే గది పడకపోవు అన్నా" అన్నాడు తమ్ముడు. సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, తెలిసి కూడా తొక్కాడు. ఈ విషయంలో మేం అతన్ని వెనకేసుకు రాలేదు. ఆ ఒక్కటి కట్టమనే చెప్పాం. కాకపోతే తెలిసిన మనిషి ఎందుకు తొక్కాడన్నది అసలు ప్రశ్న. దానికి మళ్లీ వద్దాం.

పాఠం జరిమానాకు బదులా, జరిమానాతో పాటా?

సర్టిఫికెట్ పట్టుకొని అతను ఒక ఆఫీసుకు వెళ్లాడు. "దీనికీ దానికీ సంబంధం లేదు" అన్నారట. చట్టం తిరగేస్తే, ఆ మాట అన్న మనిషి తప్పు చెప్పలేదని తేలింది. తప్పు చట్టంలోనే ఉంది.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు డ్రైవర్లకు మళ్లీ శిక్షణ ఇచ్చే కోర్సును అందులో పెట్టారు. అతివేగంలో రెండోసారి దొరికితే లైసెన్స్ స్వాధీనం చేసుకోవచ్చు. సస్పెండ్ అయిన లైసెన్స్ తిరిగి చేతికి రావాలంటే ఆ కోర్సు పూర్తి చేయాలి. 200వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. జరిమానా కట్టి కేసు తేల్చుకున్నంత మాత్రాన కోర్సు చేయాల్సిన బాధ్యత పోదు. డబ్బు కట్టేసినా అది పాత తప్పు కింద లెక్కలో ఉంటుంది, తర్వాతి దాన్ని రెండో తప్పుగా లెక్కేస్తారు. అంటే డబ్బు కడితే పాఠం తప్పదని చట్టం స్పష్టంగా రాసింది. పాఠం నేర్చుకుంటే డబ్బు తప్పుతుందని మాత్రం ఎక్కడా రాయలేదు.

బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలను అడగండి. అక్కడ హద్దును కొద్దిగా దాటినవాళ్లకు పోలీసులు ఒక అవకాశం ఇవ్వొచ్చు. వేగం మీద అవగాహన కోర్సు చేస్తే జరిమానా ఉండదు, లైసెన్స్ మీద పాయింట్లు పడవు. కోర్సు ఫీజు మనిషే పెట్టుకోవాలి. మూడేళ్ల లోపు మళ్లీ దొరికితే ఆ అవకాశం మళ్లీ ఇవ్వరు, శిక్ష తప్పదు. ఇందులో ఒక న్యాయం కనిపిస్తుంది. మొదటిసారి చెప్పి చూస్తారు, వినకపోతే వసూలు చేస్తారు. మన దగ్గర వసూలు ఎప్పుడూ ఆగదు. పాఠం మాత్రం లైసెన్స్ పోయాక గానీ గుర్తుకు రాదు. ఇష్టపడి ముందే నేర్చుకున్నవాడికీ, ఎన్నడూ ఆ గడప తొక్కనివాడికీ చలాన్ లెక్కలో తేడా లేదు. అలాంటప్పుడు వచ్చే జనవరిలో తరగతికి రమ్మంటే డ్రైవర్లు ఎందుకు వస్తారు? పిలిచేది మనమే. ఏ ముఖం పెట్టుకొని పిలవాలి?

జరిమానాకు కూడా సేల్ పెడతారు

మన రాష్ట్రంలో డ్రైవర్లందరికీ బాగా వంటబట్టిన పాఠం ఒకటుంది. అది ఏ తరగతిలోనూ చెప్పింది కాదు. 2022 మార్చిలో పాత చలాన్ల మీద భారీ రాయితీ ప్రకటించారు. ద్విచక్ర వాహనాలకు నాలుగో వంతు కడితే చాలన్నారు, కార్లకు సగం అన్నారు. తర్వాత గడువు పొడిగించారు. 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ మొదలుపెట్టారు. ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు, భారీ వాహనాలకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు 90 శాతం తగ్గింపు. గడువు మళ్లీ పొడిగించారు.

పేదవాడికి కొంత భారం తగ్గిందంటే మేం కాదనం. ఆ రాయితీలో లాభపడ్డవాళ్లలో మన సభ్యులూ ఉన్నారు. అయితే దీని వల్ల ఎవరికి ఏం తెలిసిందో ఆలోచించండి. మెసేజ్ రాగానే బుద్ధిగా కట్టినవాడు వెయ్యికి వెయ్యి కట్టాడు. ఇరవై చలాన్లు పెండింగ్ పెట్టి తిరిగినవాడు పావలాకో అర్ధరూపాయికో తేల్చుకున్నాడు. ఆ రోజు చాయ్ బండి దగ్గర ఉల్లిగడ్డ లారీ డ్రైవర్ మా తమ్ముడికి ఇచ్చిన సలహా ఇదే: "ఎందుకు పరేషాన్ అయితవ్ తమ్మీ, ఆగు. డిస్కౌంట్ వస్తది." రుణమాఫీ వస్తుందని బాకీ కట్టకుండా కూర్చుంటారని రైతుకు నీతులు చెప్పే పెద్దలు ఈ సేల్ గురించి ఒక్క మాట మాట్లాడరు.

ప్రాణాలు కాపాడటానికి వేసే జరిమానాకు ఆషాఢం తగ్గింపు ఉండదు. తగ్గింపు పెట్టారంటే అది రాబడి కోసం వేసిన జరిమానా అని వాళ్లే ఒప్పుకున్నట్టు. రాబడే కావాలనుకుంటే ఆ మాట సూటిగా చెప్పాలి. ఆ డబ్బు ఎంత వచ్చింది, ఏ రోడ్డుకు ఖర్చయింది, లెక్క చెప్పాలి.

తెలిసిన మనిషి ఎందుకు తొక్కాడు?

ఇప్పుడు ఫిబ్రవరి 2కు వద్దాం. ఆ రోజు ఏం జరిగిందో తమ్ముడి మాటల్లో విని, మేం వరసగా రాసుకున్నాం.

ఊళ్లో ఎనిమిది మంది రైతుల సరుకు. టమాటా, వంకాయ, బెండ. కూలీలు దొరక్క కోత సాయంత్రం ఆలస్యంగా మొదలైంది. డబ్బాలు బండికెక్కేసరికి రాత్రి రెండు దాటింది. ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా 14 కిలోమీటర్లు. తారు లేచిపోయిన రోడ్డు. తొంభై డబ్బాల టమాటా నలగకుండా ఆ రోడ్డు దాటాలంటే యాభై నిమిషాలు. మంచి రోడ్డయితే ఇరవై నిమిషాల పని. అంటే సాగర్ రోడ్డు ఎక్కేసరికే అరగంట పోయింది. అటు మార్కెట్‌లో పాట మొదలైంది. కమీషన్ ఏజెంట్ నుంచి ఫోన్ మీద ఫోన్. అయిదున్నర లోపు వస్తే డబ్బా మూడు వందలు. దాటితే కొనేవాళ్లు వెళ్లిపోతారు, మిగిలినవాళ్లు నూటా ఎనభైకి అడుగుతారు. తెల్లారితే నగరంలో సరుకు బండ్లకు ఆంక్షలు మొదలవుతాయి, బండి ఎక్కడో ఒక చోట నిలిచిపోతుంది.

ఎల్బీనగర్ ఇంకా రాలేదు. ముందు ఖాళీ రోడ్డు. గుంతల రోడ్డు మీద పోగొట్టుకున్న అరగంటలో కొంతైనా తిరిగి సంపాదించుకునే చోటు అదొక్కటే. తరగతిలో చెప్పిన ఏడు నిమిషాలు అతనికి గుర్తున్నాయి. ఆ ఏడు నిమిషాలకు మార్కెట్‌లో డబ్బాకు నూట ఇరవై రూపాయలు అని కూడా గుర్తుంది. తొంభై డబ్బాలకు 10,800. చలాన్ 1,035. ఏ లెక్క గెలుస్తుంది?

తరగతిలో చెప్పని పాఠం ఇదే. వేగం డ్రైవర్ పాదంలో పుట్టదు. ఎవరి గడియారానికో భయపడి పాదం తొక్కుతుంది. ఆ గడియారం కమీషన్ ఏజెంట్‌ది కావచ్చు, ఆరింటికల్లా గేటు మూసే పాల కేంద్రానిది కావచ్చు, తేమ పెరిగిందని టోకెన్ వెనక్కి నెట్టే వడ్ల కొనుగోలు కేంద్రానిది కావచ్చు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో పది నిమిషాల్లో సరుకు ఇంటికి చేర్చమని పిల్లల్ని బైకుల మీద పరిగెత్తించే కంపెనీలది కూడా అదే గడియారం. ఆ పిల్లల్లో సగం మంది మన ఊళ్ల నుంచి పోయినవాళ్లేనని మరవకండి.

ఈ మాట మేం కొత్తగా కనిపెట్టింది కాదు. చట్టంలోనే ఉంది. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ అతివేగానికి శిక్ష చెబుతుంది. లైట్ వాహనానికి వెయ్యి నుంచి రెండు వేలు, మధ్య, భారీ వాహనాలకు రెండు నుంచి నాలుగు వేలు. ఈ భాగం అందరికీ తెలుసు. అదే సెక్షన్ మొదటి వాక్యంలో ఇంకో మాట ఉంది. హద్దు దాటి తోలినవాడే కాదు, తన కింద పనిచేసేవాడితో, తన అదుపులో ఉన్నవాడితో అలా తోలించినవాడు కూడా శిక్షార్హుడే. నాలుగో ఉపసెక్షన్ ఇంకా సూటిగా ఉంది. ఫలానా సమయానికి చేరాలని ఎవరైనా టైం టేబుల్ ప్రకటించినా, ఆదేశం ఇచ్చినా, హద్దు దాటకుండా ఆ సమయానికి చేరడం సాధ్యం కాదని కోర్టు అనుకుంటే, ఆ ఆదేశం ఇచ్చినవాడు తప్పు చేశాడనడానికి అదే ప్రాథమిక సాక్ష్యం.

మరోసారి చదవండి. 1988 నాటి చట్టమే ఈ మాట చెప్పింది. సాధ్యం కాని గడువు పెట్టినవాడు దోషి. ఇన్నేళ్లలో ఈ సెక్షన్ కింద చలాన్ అందుకున్న ఒక్క కమీషన్ వ్యాపారిని, ఒక్క కంపెనీ మేనేజర్‌ను మాకు తెలిసినవాళ్లలో ఎవరూ చూడలేదు. కెమెరాకు నంబర్ ప్లేటు కనిపిస్తుంది. ఫోన్ అవతల "ఎక్కడున్నవ్, ఇంకా రాలేదేంది" అని అరిచే గొంతు కనిపించదు. కనిపించేవాడి మీద చట్టం, కనిపించనివాడికి లాభం.

చివరికి కట్టింది ఎవరు?

తమ్ముడికి ఒక ట్రిప్పు కిరాయి 1,800. డీజిల్, హమాలీ, దారి ఖర్చులు పోను చేతికి మిగిలేది అయిదు వందలు. 3,105 అంటే ఆరు రాత్రుల కష్టం. ఇంట్లో పాప ఫీజు కట్టాల్సి ఉంది. అతను ఏం చేశాడు? డబ్బాకు అయిదు రూపాయలు కిరాయి పెంచాడు. తొంభై డబ్బాలకు 450. ఏడు ట్రిప్పుల్లో చలాన్ల డబ్బు వచ్చేసింది. పెంచిన కిరాయి మాత్రం తగ్గలేదు. ఒకసారి పెరిగిన కిరాయి ఎప్పుడు తగ్గింది గనుక!

మేం అతన్ని తప్పుపట్టడం లేదు. అతని స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు. కానీ లెక్క చూడండి. తొందర పెట్టింది మార్కెట్. తొక్కింది డ్రైవర్. చలాన్ వేసింది ప్రభుత్వం. కట్టింది టమాటా పండించిన రైతు. అదీ ఒకసారి కాదు, ప్రతి ట్రిప్పుకూ కడుతూనే ఉన్నాడు. అందుకే ఇది రైతు సంఘం పత్రికలో రాయాల్సిన విషయమైంది.

మన గడియారం సంగతి

ఇక్కడితో ఆపితే నిజాయితీ అనిపించుకోదు. ఆ రాత్రి డ్రైవర్‌ను తొందరపెట్టినవాళ్లలో మనమూ ఉన్నాం. కోత ఆలస్యం చేసింది మనమే. "అయిదింటికి అందాలె, లేకుంటే నీ బండికి సరుకు ఎయ్యను" అన్నది ఎనిమిది మందిలో ఒకరు. అతను మన సభ్యుడే. పేరు రాయం గానీ, ఇది చదివితే తెలుసుకుంటాడు. 183వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ అక్షరాలా అమలు చేస్తే ఏజెంట్ పక్కన అతనూ నిలబడాల్సి వస్తుంది.

కాబట్టి డిమాండ్లు పెట్టే ముందు మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. సంఘం మండల కమిటీల్లో ఇవి నిర్ణయించాలని ప్రతిపాదిస్తున్నాం. బండి బయలుదేరే సమయం రైతులంతా కలిసి ముందే ఖాయం చేయాలి, ఆ సమయం దాటితే ఆ రైతు సరుకు మర్నాటికి ఉండిపోవాలి. బండి రోడ్డు మీద ఉన్నప్పుడు డ్రైవర్‌కు ఫోన్ చేయొద్దు. ట్రాక్టర్ ట్రాలీలో కూలీలను ఎక్కించడం మానాలి. లక్ష్మాపురం చూసిన తర్వాత కూడా ఇది మానకపోతే మనకు ఇంకొకరిని ప్రశ్నించే హక్కు లేదు. ప్రతి ట్రాలీ వెనక ఎర్రటి రిఫ్లెక్టర్ స్టిక్కర్ ఉండాలి, దానికయ్యే ఖర్చు ఒక టమాటా డబ్బా కిరాయి కూడా కాదు.

ప్రభుత్వం ముందు మా డిమాండ్లు

ఒకటి. మొదటిసారి హద్దు దాటినవాళ్లకు, ఎవరికీ దెబ్బ తగలని కేసుల్లో, జరిమానాకు బదులు అవగాహన తరగతి అవకాశం ఇవ్వాలి. రెండోసారి దొరికితే వసూలు చేయండి, మేం అడ్డురాం. దీనికి చట్టం మార్చాల్సి వస్తే మార్చండి. రాష్ట్రం చేయగలిగిందేదో రాష్ట్రం చేయాలి, మిగతాదానికి కేంద్రానికి రాయాలి.

రెండు. పదిహేను రోజులు దాటి వచ్చిన కెమెరా నోటీసు చెల్లదని ప్రకటించాలి. హెచ్చరిక బోర్డు, వేగం హద్దు బోర్డు లేని చోట వేసిన చలాన్ రద్దు చేయాలి.

మూడు. తరగతులు నగరంలోనే కాదు, మండల కేంద్రాల్లో పెట్టాలి. తెలుగులో, ఉర్దూలో చెప్పాలి. సంత లేని రోజు, బండి కట్టని పూట పెట్టాలి. పాఠం కోసం కూలి పోగొట్టుకునే పరిస్థితి ఉండొద్దు.

నాలుగు. 183వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ మార్కెట్లకు, కొనుగోలు కేంద్రాలకు, డెలివరీ కంపెనీలకు వర్తిస్తుందని చెప్పి అమలు చేయాలి. మార్కెట్ కమిటీలు పాట సమయాలను ఊళ్ల దూరం చూసి పెట్టాలి. మొదటి గంటలోనే కొనుగోలు ముగించే పద్ధతి మానాలి.

అయిదు. చలాన్ల రాబడి ఎంతో ఏటా జిల్లాల వారీగా ప్రకటించాలి. అందులో ఒక వాటా ఊళ్ల నుంచి మార్కెట్‌కు పోయే లింకు రోడ్లకు కేటాయించాలి. 14 కిలోమీటర్ల గుంతల రోడ్డు బాగైతే ఎల్బీనగర్ ముందు ఎవరూ తొక్కాల్సిన పని లేదు. అతివేగానికి అంతకన్నా మంచి మందు లేదు.

సభ్యులకు ఒక మాట. మీ బండి రిజిస్ట్రేషన్‌లో ఫోన్ నంబర్ మీదేనా, పాత యజమానిదా, ఒకసారి చూసుకోండి. పాత బండి కొన్నవాళ్లు పేరు మార్పించుకోండి. చలాన్ వస్తే వెంటనే కట్టడమో, పారేయడమో చేయకుండా ముందు తప్పు జరిగిన తేదీ, మీకు నోటీసు అందిన తేదీ రెండూ రాసిపెట్టుకోండి. ఆ చోట బోర్డు ఉందో లేదో ఫొటో తీయండి. వచ్చే మండల సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి. అన్నీ కలిపి వినతిపత్రం ఇస్తాం. ఒక్కడి చలాన్ ఒక్కడి గోడు. వందమంది చలాన్లు పక్కపక్కన పెడితే, ఏ రోడ్డు మీద ఏ బోర్డు లేదో, ఏ మార్కెట్ గడియారం ఎంత తొందరపెడుతోందో కాగితం మీదే తేలుతుంది.

మా తమ్ముడు మూడో చలాన్ కట్టాడు. మొదటి రెండింటి మీద అభ్యంతరం రాసి ఇచ్చాడు, జవాబు రావాల్సి ఉంది. ఇప్పుడు ఊరి నుంచి ఇరవై నిమిషాలు ముందే బయలుదేరుతున్నాడు. అంటే ఆ ఎనిమిది ఇళ్లలో కోత కూడా ఇరవై నిమిషాలు ముందు మొదలవుతోంది. మేం మా వంతు మార్చుకున్నాం. గడియారం చేతిలో ఉన్న మిగతావాళ్లు ఏం చేస్తారో చెప్పాలి.